గుండ్లకుంటలో పుట్టినవి

జూలై మూడో వారంలో ఒక సాయంత్రం మా బడి మైదానం మీదికి తూనీగలు వచ్చాయి. గాలి పడమటి నుంచి వీస్తోంది. ఆ పూట వాన ఇంకా రాలేదు. తలెత్తితే పసుపు రెక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంటి బెల్లు కొట్టినా తొమ్మిదో తరగతి పిల్లలు కదల్లేదు. నేను లెక్కల మాస్టర్ని. మైదానాన్ని సున్నపు గీతలతో ఇరవై గడులు చేసి, గడికి ఇద్దరిని నిలబెట్టి, ఈల వేసిన క్షణాన తమ తల మీద ఉన్నవాటినే లెక్కపెట్టమన్నాను. మూడుసార్లు ఈల వేసి సగటు తీశాం. వెయ్యిన్నూట నలభై. మా అమ్మాయి వెన్నెల ఆ అంకెను నల్లబల్ల మీద రాసి కింద రెండు గీతలు గీసింది. ఇక గుండ్లకుంటకు భయం లేదనుకున్నాను.

గుండ్లకుంట మా ఊరికి ఆనుకుని, పుంగనూరు రోడ్డు పక్కనే ఉంది. మే నెలలో ఎవరో వచ్చి చూసి, జీవం లేని కుంట, పనికిరాదు అని రాసుకుని పోయారు. దాన్ని పూడ్చి టమాటా యార్డు కట్టించాలని రైతుల సంఘం పెద్ద ముద్దుకృష్ణ అర్జీ పెట్టాడు. ఆయన ఆలోచన చెడ్డదేమీ కాదు. మా ఊరి కాయ మదనపల్లె మండీకి చేరేసరికి అడుగున ఉన్న పెట్టెలు నలిగి రసం కారుతుంటాయి. అక్టోబరులో ఒక అధికారి వచ్చి ఇంకోసారి చూస్తారు, ఆయన రాసిందే ఖాయం అన్నారు.

మా ఇంట్లో ఈ విషయానికి వేరే బరువు ఉంది. నా భార్య మునీశ్వరి ఫిబ్రవరి రెండో శుక్రవారం చనిపోయింది. ఆమె తల్లి చిన్నక్క అప్పటి నుంచి మాతోనే ఉంటోంది. చిన్నక్కది తుంగచాపలు అల్లే చెయ్యి. కుంటను పూడుస్తారని విన్నప్పుడు ఆమె నాతో ఒకే మాట అంది.

"తుంగ లేని ఊర్లో నేనేం చేసేదప్పా. దేవేంద్ర రమ్మంటాండాడు. బెంగుళూరికి పోతా."

దేవేంద్ర ఆమె కొడుకు. ఆమె పోతే ఆ ఇంట్లో మిగిలేది నేనూ వెన్నెలా. మేమిద్దరమూ అప్పటికి ఐదు నెలలుగా, అడిగినదానికి జవాబు చెప్పుకోవడం తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

నిజానికి చిన్నక్క కూడా చాపలు అల్లడం లేదు. మగ్గం దుమ్ము పట్టి ఉంది. రోజూ తెల్లవారగానే కొడవలి తీసుకుని కుంటకు పోయి ఒక పిడికెడు తుంగ కోసుకొచ్చేది. దాన్ని కట్ట కట్టి రేకుల వసారాలో గోడకు ఆనించేది. కొన్ని కట్టలకు ఎర్ర గుడ్డ పీలిక, మిగతావాటికి తుంగపోచే. గోడ పొడవునా కట్టలు నిండిపోయాయి. తేళ్లు చేరతాయేమో, పెరట్లోకి మారుస్తానని రెండుసార్లు అడిగాను. ఉండనీ అంది. మూడోసారి అడగలేదు.

తూనీగల సంగతి మాకు చెప్పింది శ్వేత. కుప్పంలో పీజీ చదువుతోంది. పలమనేరు, పుంగనూరు చుట్టుపక్కల కుంటల మీద పరిశోధన చేస్తూ, భుజాన ఒక వల, చేతిలో ఒక నోటుబుక్కు పెట్టుకుని బస్సుల్లో తిరిగేది. తూనీగలు నిలకడగా ఉండే కుంట ఆరోగ్యంగా ఉన్నట్టు అని జూన్‌లో మా పిల్లలకు చెప్పి పోయింది. నా వెయ్యిన్నూట నలభై ఆ మాట పట్టుకుని వేసిన లెక్క.

మరుసటి ఆదివారం ఆమె వచ్చినప్పుడు ఆ అంకె చూపించాను. చూసి, నవ్వు ఆపుకోవడానికి కాసేపు నోటుబుక్కు అడ్డం పెట్టుకుంది.

"సార్, ఇవి గాలితో వచ్చినవి. నిన్న యాడుండెనో, రేపు యాడికి పోతాయో. అంతా సుట్టాలు. వీటికి ఈడ ఓటు లేదు."

"మరి ఓటుండేవి ఏవి అక్కా?"

అడిగింది వెన్నెల. నేను ఆమె వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. చూస్తే మళ్లీ మూసుకుపోతుందేమోనని.

శ్వేత మమ్మల్ని కుంట గట్టుకు తీసుకెళ్లి, తుంగలో మోకాళ్ల మీద కూర్చుని చెప్పింది. తూనీగ పిల్ల నెలల తరబడి నీళ్లలోనే ఉంటుంది. చేపలాగా నీళ్లలోనే ఊపిరి తీస్తుంది, దోమపిల్లల్ని తిని పెరుగుతుంది. నీళ్లు పాడైతే బతకదు. పెరిగాక ఒక తెల్లవారుజామున తుంగకాడ ఎక్కి, వీపు చీల్చుకుని రెక్కలతో బయటికి వస్తుంది. పాత పొర మాత్రం కాడను పట్టుకుని అట్లాగే ఉండిపోతుంది.

"ఎగిరేది ఏ ఊరిదైనా కావొచ్చు. పొర ఈడుంటే మాత్రం ఈడ పుట్టిందే."

పిల్లలు పన్నెండు మంది తుంగలోకి దిగారు. పది నిమిషాలు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అప్పుడు కుంట అవతలి నుంచి వెన్నెల గొంతు వచ్చింది.

"నాన్నా. ఈడ. ఈడ ఉండాది."

నేను చెప్పులతోనే నీళ్లలోకి దిగిపోయాను. జానెడు ఎత్తున, కాడను ఆరు కాళ్లతో కరుచుకుని, మట్టిరంగులో, వేలి గోరంత ఉంది. వీపు మీద చీలిక. లోపల తెల్లటి దారపు పోగులు. అంత ఖాళీ వస్తువును అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి కన్ను అలవాటు పడ్డాక ఇంకోటి, దాని వెనక రెండు. సాయంత్రానికి ముప్పై ఒకటి దొరికాయి.

వాటిని కోయొద్దని శ్వేత గట్టిగా చెప్పింది. పుస్తకంలో అంకెలు ఎవరైనా రాసుకోవచ్చు, ఫోటో ఏ కుంటదైనా కావొచ్చు, కాడ మీద ఉన్న పొరను అధికారి తన కంటితో చూడాలి అంది. గట్టు వెంట పదిచోట్ల రాళ్లకు సున్నం పూసి గుర్తులు పెట్టాం. ప్రతి ఆదివారం ఆ పదిచోట్లా లెక్క. పొరలన్నీ కాడల మీదే.

ఆగస్టంతా మా ఇల్లు మారిపోయింది. వెన్నెల నాలుగున్నరకే లేచి నా దుప్పటి లాగేది. పిల్లలు తూనీగలకు పేర్లు పెట్టారు. ఎర్రది మిరపకాయ. సన్నటిది అగ్గిపుల్ల. పచ్చటి చారలది ఆర్టీసీ. అన్నం తింటూ వెన్నెల చెప్పేది వినడానికి నేను కంచం ముందు చెయ్యి కడుక్కోకుండా కూర్చుండిపోయేవాడిని. ఈ వారం ఎనభై ఏడు నాన్నా, మూడో రాయి దగ్గర ఒక్కచోటే ఇరవై నాన్నా. అగ్గిపుల్ల పొరకు తోక చివర మూడు ఆకులుంటాయి. మురికిని అస్సలు తట్టుకోలేని రకం ఒకటి మన కుంటలో ఉందని శ్వేత కుప్పం నుంచి ఫోన్ చేసి చెప్పిన రోజు, పాత లెక్కల నోట్సు అట్ట మీద ఆ పురుగు బొమ్మ వేసి తలుపుకు అంటించింది.

ఒక తెల్లవారుజామున మేమిద్దరం ఒకటి బయటికి రావడం మొదటి నుంచి చివరి దాకా చూశాం. వీపు చీలింది. తల వచ్చింది. తర్వాత అది వెనక్కి వేలాడి కదలడం మానేసింది. పావుగంట. వెన్నెల నా మోచెయ్యి పట్టుకుని చచ్చిపోయిందా అని అడిగింది. తెలీదన్నాను. అప్పుడది ఒక్క ఊపున లేచి తన పొర తలనే పట్టుకుని తోక బయటికి లాక్కుంది. నలిగిన కాగితంలా ఉన్న రెక్కలు కొద్దికొద్దిగా సాగి, ఎండ తగిలేసరికి గాజులా అయ్యాయి. ఎగిరినప్పుడు మేమిద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం.

పక్కన నీళ్లలో చిన్నక్క తన పిడికెడు తుంగ కోసుకుంటోంది.

"మీరేమో కొత్తగా కనిపెట్టినట్టు సూస్తాండారే. అంగీ ఇడిసి పోయింది, అంతే కదా. మీ అమ్మ సిన్నప్పుడు ఈటిని జడలో పెట్టుకోని బడికి పొయ్యేది. టీచరు కొట్టేది."

వెన్నెల ఒడ్డున రాలిపడిన పొర ఒకటి ఏరి జడలో గుచ్చుకుంది. ఆ రోజు తొమ్మిదో తరగతి ఆడపిల్లలందరి జడల్లోనూ అవే. నేను కొట్టలేదు.

అక్టోబరు తొమ్మిదో తేదీ గురువారం అధికారి వస్తారని కబురు వచ్చింది. ఆ ముందురోజు నాకు మదనపల్లెలో ట్రైనింగు. గట్టు మీద ప్లాస్టిక్ కవర్లు, సీసాలు చాలా ఉన్నాయి. మంగళవారం సాయంత్రం ఉపాధి పనులకు పోయే ఆడవాళ్ల మేటు రత్నమ్మను కలిసి, అధికారి వస్తున్నారు, గట్టు కాస్త బాగుచేయించమ్మా అన్నాను. ఏం తీయాలో చెప్పాను. ఏం తీయకూడదో చెప్పలేదు. పిల్లలకు తెలిసిందే ఊరందరికీ తెలుసనుకున్నాను.

"సార్ ఏ పొద్దూ నోరు తెరిసి ఏమీ అడగల్యా. మేం సూసుకుంటాం," అంది రత్నమ్మ.

బుధవారం సాయంత్రం నాలుగున్నరకు బస్సు దిగాను. రోడ్డు మీది నుంచే కుంట మొత్తం కనిపించింది. అంతకుముందు ఎప్పుడూ అట్లా కనిపించలేదు. గట్టు చుట్టూ తుంగ లేదు. నీళ్ల అంచు దాకా వేళ్లకంటా కోసేశారు. మా రాళ్లకు కొత్తగా సున్నం కొట్టి, రాయికీ రాయికీ మధ్య తెల్లగీతలు వేసి, గీతల పక్కన బ్లీచింగ్ పౌడర్ చల్లారు. మా ఊరికి ఏ అధికారి వచ్చినా చేసేది ఇదే. కోసిన తుంగ ట్రాక్టరులో పోయి దిబ్బ మీద కాలుతోంది.

పదకొండు మంది ఆడవాళ్లు గట్టు మీద వరసగా కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నారు. ఆ రోజు కూలి మానుకుని పొద్దున ఏడింటి నుంచి పనిచేశారు.

"అద్దం మాదిర చేసినాం సార్," అంది రత్నమ్మ. "మునీశ్వరమ్మ కోసరం."

"మంచి పని చేశారమ్మా," అన్నాను.

 బడి నుంచి వెన్నెల అప్పుడే వచ్చింది. సంచీ భుజం మీది నుంచి జారిపోయింది, తీసుకోలేదు. ఏడుస్తుందనుకున్నాను. రత్నమ్మ దగ్గర పార అడిగి తీసుకుని, వంగి బ్లీచింగ్ పౌడర్ గోకడం మొదలుపెట్టింది. తూర్పున మబ్బు పట్టి ఉంది. వాన పడితే ఆ పొడి అంతా నీళ్లలోకే. యాల గోకుతాండావమ్మా అని రత్నమ్మ అడిగితే, గోకుతూనే చెప్పింది, ఒక్కో మాట విడివిడిగా. తుంగ మీద ఏముండేదో, ఎవరు చూడాలో, చూడకపోతే ఏమవుతుందో. రత్నమ్మ దిబ్బ మీద పొగ వైపు చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు దోపుకుంది. వెలుతురు ఉన్నంతసేపు పద్నాలుగు మందిమి ఆ పొడి గోకి గంపలకెత్తాం. పద్నాలుగో మనిషి చిన్నక్క. వాన పడలేదు.

తెల్లవారి చిన్నక్క ఎప్పటిలాగే కొడవలి తీసుకుని పోయింది. ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. కొడవలి గోడకు గుచ్చి, కట్టల వరస చివర ఖాళీ చోటును చూస్తూ నిలబడింది. నాకు పట్టించుకునే స్థితి లేదు.

అధికారి పేరు నాగేంద్ర. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ముద్దుకృష్ణ రోడ్డు మీదికి ఎదురెళ్లి ఆయన్ను తీసుకొచ్చాడు. కుంట చుట్టూ ఒకసారి నడిచారు. వెన్నెల తన నోటుబుక్కు ఇచ్చింది. నిన్న ఏం జరిగిందో దాచకుండా చెప్పింది. ఆయన ప్రతి పేజీ తిప్పి చూశాడు. తల మీద మిరపకాయలు, ఆర్టీసీలు తిరుగుతూనే ఉన్నాయి.

"పాప అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు మాస్టారూ," అన్నాడాయన. "కానీ ఎగిరేవి ఎక్కడి నుంచైనా వస్తాయి. నేను చూడనిది రాయలేను."

శ్వేత చెప్పిన మాటే అది.  ముద్దుకృష్ణ కూడా సంతోషించలేదు. నేల చూస్తూ, కాఫీ తాగి పోదురు రండి సార్ అన్నాడు, మా ఇంటి వైపు చెయ్యి చూపిస్తూ. అది ఆయన ఇల్లు కాదు. కానీ ఆ క్షణాన ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి.

వసారాలో కుర్చీలు వేశాం. చిన్నక్క కాఫీ గ్లాసులు పెట్టి, గుమ్మంలో కూర్చుని ఉన్న వెన్నెలను ఏమైందని అడిగింది. పొరలు లేవంటాండారు అవ్వా అంది వెన్నెల.

"ఆ అంగీలకేనా ఇంత? కట్టల్లో ఉంటాయి కదా."

 వెన్నెల నేల మీద చేతులు ఆనించి పాకుతూ గోడ దగ్గరికి పోయింది. ముట్టుకోకుండా, తల వంచి, ఒక కట్ట లోపలికి చూసింది.

"నాన్నా, ఈడ మూడు ఉండాయి."

 పక్క కట్టకు జరిగింది. ఈడ రెండు. ఈడ... ఈడ ఆర్టీసీ ఉండాది నాన్నా. నాగేంద్ర గ్లాసు కింద పెట్టి లేచాడు. కళ్లజోడు మార్చుకుని ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముద్దుకృష్ణ ఇంకో వైపు నుంచి వంగాడు.

"ఇవి ఎప్పుడు కోసినవమ్మా?" అని అధికారి అడిగాడు.

"దినానికి ఒగటి."

"ఏది ఏ రోజుదో ఎట్లా తెలిసేది?"

"ఎర్ర గుడ్డ శుక్రవారం. ఆడ్నించి ఎంచుకోండి."

"ఏ శుక్రవారం నుంచి?"

చిన్నక్క నా వైపు చూసింది. "అల్లుణ్ణి అడుగు."

నేను గోడ మొదట్లో ఉన్న ఎర్ర పీలికను చూశాను. అది మునీశ్వరి ఏ చీరదో అప్పుడు గుర్తుపట్టాను. ఎనిమిది నెలలుగా రోజూ దాని పక్క నుంచే బడికి పోయి వస్తున్నాను.

"ఫిబ్రవరి మూడో శుక్రవారం నుంచి," అన్నాను. "అవి ముప్పై మూడు ఉంటాయి." వెన్నెల లెక్కపెట్టింది. ముప్పై మూడు.

ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. కానీ తర్వాత గొంతు తగ్గించి మాట్లాడాడు. పైకి కనిపించేవి చాలవు, విప్పి చూడాలి, శుక్రవారాలవి మాత్రం చాలు, మీకు ఇష్టమైతేనే అన్నాడు. చిన్నక్క ఆ గోడను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది. తుంగ మళ్లీ ఎప్పుడు మొలుస్తాదని వెన్నెలను అడిగింది. నెల పడతాది అవ్వా. ఆమె కూర్చుని, మొదటి కట్టను ఒళ్లో పెట్టుకుని, ముడి తనే విప్పింది.

"వరస తప్పనియ్యొద్దు," అంది.

తర్వాతి గంట నేను మరిచిపోలేను. నేల మీద దుప్పట్లు పరిచాం. నేను సుద్దముక్కతో నెలల పేర్లు రాసి గడులు గీశాను. వెన్నెల కాడలు ఒక్కొక్కటే తిప్పి చూసి పైకి చెప్పేది, నాగేంద్ర తన పుస్తకంలో రాసేవాడు, ముద్దుకృష్ణ పొరలు ఏరి గడుల్లో పెట్టేవాడు. ఫిబ్రవరి, మార్చిలో కలిపి తొమ్మిది. ఏప్రిల్లో ఒకటి. మే నెలలో ఐదు శుక్రవారాలు, ఐదు కట్టలు, ఒక్కటీ లేదు. జూన్‌లో ఆరు. జూలై కట్టలు విప్పేసరికి వాకిట్లో రత్నమ్మతో సహా సగం ఊరు నిలబడి ఉంది. పంతొమ్మిది. ఆగస్టు గడిలో చోటు చాలక ముద్దుకృష్ణ తన కండువా పరిచాడు. నలభై ఒకటి. ఇదీ నాదే, ఇది నేను సూసింది, అని ఆయన వెన్నెలతో తగువు పెట్టుకున్నాడు. సెప్టెంబరులో ముప్పై ఎనిమిది. అక్టోబరు ఒక్క శుక్రవారానికే తొమ్మిది. నూట ఇరవై మూడు.

నాగేంద్ర లేచి నిలబడి, నేల మీది గడులను పై నుంచి చూశాడు. ఎండలు మండే నెలలో సున్నా, వానతో పాటు పైకి. ఏ పిల్లవాడైనా చదవగలిగే గ్రాఫు అది.

"మే నెలలో వచ్చి చూసి రాసినారు," అన్నాడు. "సున్నా ఉన్న ఒక్క నెలలో."

"ఆ నెల్లో పిలిపించింది నేనే సార్," అని ముద్దుకృష్ణ తల గోక్కున్నాడు. ఇటుకబట్టీ కాడ బీడు ఉండాది కదా, యార్డుకు, లారీ తిరగడానికీ అదే అనువు అన్నాడు. కండువా మీది పొరలు మాత్రం ఒక్కటి కూడా రాలకుండా మడిచి అధికారి చేతిలో పెట్టాడు. నాగేంద్ర మా వసారాలోనే కూర్చుని రాశాడు. రాసింది వెన్నెలకు చదవమని ఇచ్చాడు. ఆమె పైకి చదివింది. గుండ్లకుంట జీవం ఉన్న కుంట, పూడ్చరాదు. చూసినవారి పేర్లలో మొదటి పేరు చిన్నక్కది.

ఆ సాయంత్రం దేవేంద్ర ఫోన్ చేశాడు. చిన్నక్క స్పీకరు పెట్టి మాట్లాడుతుంది, అందుకని అంతా వినిపించింది. ఎప్పుడొస్తావు అని అతను అడిగాడు.

"తుంగ మొలిసేదాకా యాడికీ రానప్పా."

"మొలిసినాక?"

"మొలిసినాక కొయ్యాల కదా."

మరుసటి రోజు శుక్రవారం. నేను ముందుగానే లేచాను. విప్పిన ముప్పై మూడు కట్టలూ వసారాలో అట్లాగే ఉన్నాయి. వాటిని వరస ప్రకారం తిరిగి కట్టడానికి ఆమెకు సాయం చేయాలనుకున్నాను. వచ్చి చూస్తే, చాప అల్లే ముందు తుంగ నానబెట్టే నీళ్ల తొట్టిలో మొదటి కట్ట అప్పటికే నానుతోంది. కొడవలి గోడకే ఉంది. వెన్నెల తొట్టి పక్కన కూర్చుని, రెండో కట్టలో లెక్కకు అందని పొర ఏమైనా మిగిలిందేమోనని చూస్తోంది.

చిన్నక్క చేతిలో ఆ వారానికి చింపి పెట్టుకున్న ఎర్ర పీలిక ఉంది. దాన్ని తడిపి, పిండి, మగ్గం మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.